ప్రశ్నార్థకం కింద పడుకున్న రోగి

కడుపునొప్పితో వచ్చిన రోగిని చూశాక డాక్టరు గారు కేసు షీటు మీద ముందు ఒక ప్రశ్నార్థకం వేసి, దాని పక్కన 'అక్యూట్ అపెండిసైటిస్' అని రాస్తారు. వాక్యం మొదట ప్రశ్నార్థకం పెట్టడం ఏ బడిలోనూ నేర్పరు గాని, ఆసుపత్రుల్లో అదే ఆచారం. దాని అర్థం: అనుమానం ఉంది, ఇంకా తేలలేదు. తేలేదాకా గడిచే గంటల్లో రోగి పక్కన ఎవరుంటారు, ఏం చేస్తారు, ముఖ్యంగా ఎవరినీ ఏం చేయనివ్వరు అన్నదే ఈ వ్యాసంలో విషయం.

పక్కన ఉండేది నర్సు. సర్జన్ గారు వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. స్కానింగుకు మరో పావుగంట. రక్తం తీయడం క్షణాల పని. మిగిలిన సమయమంతా నర్సు చేతిలోనే ఉంటుంది. అయినా డిశ్చార్జి అయ్యాక బంధువులు "ఎవరు ఆపరేషన్ చేశారు?" అని అడుగుతారు గాని, "ఆపరేషన్ అవసరమని తేలేదాకా ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు?" అని ఎవరూ అడగరు.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ గంటలు ఆసుపత్రి గడప తొక్కకముందే మొదలవుతాయి. కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలై, దివిసీమను మధ్యలో పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవి వాళ్ళు పడవ మీద ఏటిమొగకు దాటితేగాని రోడ్డెక్కలేరు. అక్కడి నుంచి అవనిగడ్డ, ఇంకా అవసరమైతే మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. గుడివాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఎక్కడా కుదరకపోతే బెజవాడ, బందరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు. రోగి ఎక్కిన ప్రతి వాహనంలోనూ గడియారం నడుస్తూనే ఉంటుంది.

ఇంతకీ గొడవ చేస్తున్నది ఏమిటో చూద్దాం. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేది పొట్టకు కుడివైపు, కింది భాగంలో. అక్కడ పెద్దపేగు ఒక సంచిలా మొదలవుతుంది. ఆ సంచికి వేలాడే సన్నని గొట్టం అపెండిక్స్. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉండుకం అంటారు. చాలామందిలో 6 నుంచి 9 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఒక కొస మూసి ఉంటుంది, రెండో కొస పేగులోకి తెరిచి ఉంటుంది. దాని ఉపయోగం ఏమిటన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. అది లేకపోయినా మనిషి హాయిగా బతుకుతాడన్న దాని మీద మాత్రం వాదన లేదు.

గట్టిపడ్డ మలం ముక్కో, లోపల వాచిన కణజాలమో తెరిచిన కొసను మూసేస్తే జబ్బు మొదలవుతుంది. లోపల ద్రవం ఊరడం మాత్రం ఆగదు. డెల్టా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మురుగు కాలువ మొగ గుర్రపుడెక్కతో పూడుకుపోతే ఎగువన నీరు పెరుగుతుంది, గట్టు నానుతుంది, చివరికి బలహీనంగా ఉన్న చోట గండి పడుతుంది. అపెండిక్సులోనూ అంతే: ఒత్తిడి పెరిగి, గోడకు రక్తం అందక, సూక్ష్మక్రిములు పెరిగి, గోడ చివికి చిల్లు పడుతుంది. పొట్ట లోపల పరుచుకున్న పల్చటి పొర పేరు పెరిటోనియం. చీము ఆ పొర మీదికి పాకితే వచ్చేది పెరిటొనైటిస్. మనుషులు చనిపోయేది సాధారణంగా ఈ రెండో జబ్బుతోనే.

నొప్పి నడిచే దారి కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. మొదట్లో పేగు సంబంధమైన నరాలు చెప్పే నొప్పి బొడ్డు చుట్టూ, ఫలానా చోటని చెప్పలేనట్టు ఉంటుంది. కొన్ని గంటల తర్వాత వాపు పెరిటోనియాన్ని తాకుతుంది. ఆ పొరకు చోటు కచ్చితంగా చెప్పే నరాలున్నాయి. అప్పుడు నొప్పి కుడివైపు కిందికి దిగి, రోగి ఒక్క వేలితో చూపించగలిగేలా ఉంటుంది. తుంటి ఎముక ముందువైపు మొనకూ బొడ్డుకూ మధ్య గీత గీసి, ఎముక వైపు నుంచి మూడో వంతు దూరంలో ఉన్న చోటును న్యూయార్కు సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో వివరించాడు. అప్పటి నుంచి ఆ చోటు ఆయన పేరు మీదే ఉంది. 

మన వైపు ఈ జబ్బును 'ఇరవై నాలుగు గంటల నొప్పి' అంటారు. ఇరవై నాలుగు గంటల్లో కోయకపోతే ప్రాణం పోతుందని కొందరి నమ్మకం. ఇరవై నాలుగు గంటలు ఓర్చుకుంటే అదే పోతుందని మరికొందరి నమ్మకం. మొదటివాళ్ళు భయంతో, రెండోవాళ్ళు ధైర్యంతో నష్టపోతారు. స్థూలంగా చెప్పాలంటే మొదటి రోజున చిల్లు పడే అవకాశం తక్కువ. 36 గంటలు దాటాక పెరుగుతూ పోతుంది. ఐదేళ్ళలోపు పిల్లల్లోనూ, వృద్ధుల్లోనూ ఈ లెక్కను నమ్ముకోవడానికి లేదు.

అందుకే నర్సు అడిగే మొదటి ప్రశ్న: నొప్పి ఎప్పుడు మొదలైంది? జవాబు సాధారణంగా గడియారం భాషలో రాదు. "మోపిదేవి వెళ్ళొచ్చిన రాత్రి" అంటారు. "ఊడ్పులు అయిన మర్నాడు" అంటారు. ఆ రాత్రి ఏ రాత్రో, భోజనానికి ముందో తర్వాతో, కరెంటు పోయినప్పుడో వచ్చాకో అడిగి అడిగి, దాన్ని తేదీగా, గంటగా మార్చి కాగితం మీద పెట్టడం నర్సు చేసే మొదటి వైద్యం. సర్జన్ తీసుకునే నిర్ణయాలు చాలా వరకు ఆ అంకె మీదే ఆధారపడతాయి.

రెండో ప్రశ్న: ఇప్పటిదాకా ఏం చేశారు? దీనికి జవాబు కొంచెం పొడుగు. ముందు వాము నమిలిస్తారు. తర్వాత సోడా తాగిస్తారు. అది పనిచేయకపోతే వేడినీళ్ళ సంచితో కాపడం పెడతారు. బొడ్డు పక్కకు జరిగిందని ఎవరో పెద్దావిడ నూనె రాసి పొట్ట తోముతుంది. చివర్లో, ఎందుకైనా మంచిదని, ఆముదం. ఇందులో వాము నిరపాయకరం. వేడి కాపడం, తోమడం, విరేచనాల మందు అలా కావు. వాచి పలచబడిన గోడ మీద ఒత్తిడి పెంచే పనులను, దూరంగా ఉండి కుట్రపన్నినా, ఇంత వరుసగా పేర్చడం కష్టం.

ఆ తర్వాత ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఇచ్చిన ఇంజక్షన్. పేరు అడిగితే "తెల్ల మందు" అంటారు. ఆయన్ని తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి దీవిలో తలుపు తట్టితే తెరిచే వైద్యం ఆయనదే. కావలసింది ఆ సీసానో, షీటునో వెంట తేవడం, ఎన్ని గంటలకు ఇచ్చారో గుర్తుంచుకోవడం. నొప్పి తగ్గింది జబ్బు తగ్గడం వల్లా, మందు వల్లా అన్నది తెలియడానికి వేరే మార్గం లేదు.

ప్రయాణం కూడా ఒక పరీక్షే. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో చేసిన ఒక పరిశోధన 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆసుపత్రికి వచ్చే దారిలో స్పీడు బ్రేకర్ల మీద బండి ఎగిరినప్పుడు నొప్పి పెరిగిందా అని రోగులను అడిగారు. అపెండిసైటిస్ రుజువైన 34 మందిలో 33 మంది పెరిగిందన్నారు. అంటే ఎగిరినప్పుడు నొప్పి పెరగకపోతే అపెండిసైటిస్ కాకపోయే అవకాశం ఎక్కువ. పెరిగితే మాత్రం అదేనని చెప్పలేం. ఈ జబ్బు లేనివాళ్ళలోనూ చాలామందికి పెరిగింది. ఈ పరిశోధనకు 2015లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ఇంగ్లండులో వాళ్ళకు దీనికి ప్రత్యేకంగా స్పీడు బ్రేకర్లు కావలసి వచ్చాయి. కరకట్ట మీద ఆటోలో వచ్చిన రోగిని ఏ గుంత దగ్గర అని కూడా అడగవచ్చు.

వార్డులోకి వచ్చాక నర్సు ముందు చేసేది ఒక నిమిషం నిలబడి చూడటం. మూత్రపిండంలో రాయి ఉన్నవాడు మంచం మీద దొర్లుతాడు, లేస్తాడు, కూర్చుంటాడు. అపెండిసైటిస్ రోగి కదలడు. మోకాళ్ళు ముడుచుకుని, ఊపిరి కూడా పైపైన తీసుకుంటూ, ఎవరైనా మంచానికి తగిలితే ముఖం చిట్లిస్తాడు. దగ్గమంటే దగ్గడు. పిల్లవాణ్ణి ఒంటికాలి మీద గెంతమంటే వద్దంటాడు. మామూలప్పుడు గెంతవద్దంటే వినని పిల్లవాడు గెంతమన్నా గెంతకపోవడం వైద్యశాస్త్రంలో గుర్తింపు ఉన్న లక్షణం.

తర్వాత కొలతలు: శరీర వేడి, నాడి, శ్వాస, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్. మొదటిసారి తీసిన అంకెలకు విలువ తక్కువ. గంటకో, రెండు గంటలకో, డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్ళీ మళ్ళీ తీసి పక్కపక్కన రాసినప్పుడే అవి మాట్లాడతాయి. నిమిషానికి 88 ఉన్న నాడిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆరు గంటలకు 88, ఎనిమిదికి 100, పదికి 116 అంటే ఎవరో ఒకరు సర్జన్ గారికి ఫోన్ చేయాలి. ఎవరన్నది డ్యూటీ చార్టులో ఉంటుంది: నర్సు. పది గంటల వేళ ఆయన విసుక్కుంటారా అన్నది ఆ చార్టులో ఉండదు, ఉండనక్కర్లేదు కూడా.

అనుమానాన్ని అంకెల్లో పెట్టే పద్ధతి ఒకటి ఉంది. 1986లో అల్ఫ్రెడో అల్వరాడో అనే సర్జన్ పది మార్కుల పట్టిక తయారుచేశాడు. నొప్పి బొడ్డు నుంచి కుడి కిందికి దిగితే 1, ఆకలి చచ్చిపోతే 1, వికారమో వాంతో ఉంటే 1, కుడి కింద నొక్కితే నొప్పి ఉంటే 2, నొక్కిన చెయ్యి చటుక్కున తీసినప్పుడు నొప్పి ఉంటే 1, వేడి 99.1 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే 1. ఇక రక్తంలో తెల్లకణాలు పదివేలు దాటితే 2, వాటిలో న్యూట్రోఫిల్స్ వాటా పెరిగితే 1. నాలుగు, అంతకు తక్కువైతే అనుమానం బలహీనం. ఐదు, ఆరు అయితే కనిపెట్టి ఉండాలి. ఏడు, అంతకు ఎక్కువైతే బలమైనది. పదికి ఏడు వస్తే ఇంట్లో ముఖాలు మాడ్చుకునే జిల్లా మనది. ఇక్కడ మాత్రం ఏడు చాలా ఎక్కువ.

ఆ పట్టికను మళ్ళీ చూడండి. పదిలో ఏడు మార్కులకు ప్రయోగశాల అక్కర్లేదు. ప్రశ్నలు, ఒక చెయ్యి, ఒక థర్మామీటరు చాలు. చెయ్యి వేసి చూసి చెప్పడం డాక్టరు పని గాని, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది, అన్నం ఎప్పుడు వద్దన్నాడు, వాంతి నొప్పికి ముందా తర్వాతా అన్న వివరాలు సేకరించేది చాలా చోట్ల నర్సే. సాధారణంగా ఈ జబ్బులో ముందు నొప్పి, తర్వాత వాంతి. వరుస తిరగబడితే తిండి వల్ల వచ్చిన తేడా కావచ్చు. ఆ ఒక్క వరుస రాసి పెట్టకపోతే తెల్లారేసరికి రోగికే గుర్తుండదు.

ఇప్పుడు ఈ వ్యాసంలో అన్నిటికన్నా కష్టమైన విషయానికి వస్తున్నాం: నోటితో ఏమీ ఇవ్వకపోవడం. కారణం తేలిక. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వాలి. మత్తులో వాంతి అయి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఘనాహారం తిన్న తర్వాత కనీసం ఆరు గంటలు, తేటనీరు తాగిన తర్వాత రెండు గంటలు ఆగుతారు. పేగు మందగించి, వాంతులు అవుతున్న రోగి పొట్టకు ఆ లెక్క కూడా వర్తించకపోవచ్చు. ఆపరేషన్ ఏ క్షణాన నిర్ణయమవుతుందో తెలియదు కనుక డాక్టరు మళ్ళీ చెప్పేదాకా ఏమీ ఇవ్వరు.

ఈ మాట నర్సు తల్లికి చెబుతుంది, తండ్రికి చెబుతుంది, మంచానికి బోర్డు తగిలిస్తుంది. అరగంట తర్వాత చూస్తే రోగి చేతిలో కొబ్బరిబోండం ఉంటుంది. మేనత్త తెచ్చింది. "ఏమీ పెట్టలేదమ్మా సిస్టరూ, కొబ్బరినీళ్ళే కదా" అంటుంది. ఆమె దృష్టిలో కొబ్బరినీళ్ళు తిండిలోకి రావు, తాగేవాటిలోకీ రావు. వాటిది మూడో కోవ. మజ్జిగదీ అంతే. బందరు లడ్డూ మాత్రం తిండేనని అందరూ ఒప్పుకుంటారు, "చిన్న ముక్కే" అని చేర్చి. నర్సు చేయవలసింది కోప్పడటం కాదు. తాగిన సమయం, ఎంత తాగాడో కేసు షీటులో రాసి మత్తు డాక్టరుకు చెప్పడం. మేనత్త దాచిపెట్టకుండా నిజం చెప్పాలంటే కోప్పడని నర్సు అయి ఉండాలి.

నోటితో ఏమీ ఇవ్వనప్పుడు నరం ద్వారా ద్రవం ఇస్తారు: రింగర్ లాక్టేట్, లేదా నార్మల్ సెలైన్. "సెలైన్ ఎక్కుతోంది కదా, బలం వస్తుంది" అని బంధువులు తృప్తిపడతారు. నార్మల్ సెలైనులో ఉండేది ఉప్పు, నీరు. బలం అందులో కలపరు. అది వాంతులతో, జ్వరంతో పోయిన నీటిని పూరిస్తుంది. ఎంత లోపలికి వెళ్ళింది, మూత్రం ఎంత వచ్చింది అన్న జమాఖర్చు నర్సు రాస్తుంది. మూత్రం తగ్గుతూ పోతే జమ చాలడం లేదన్నమాట. పెదవులు ఎండితే తడిగుడ్డతో అద్దవచ్చు. నోరు పుక్కిలించి ఉమ్మేయవచ్చు. షుగరుకో, బీపీకో రోజూ మాత్రలు వేసుకునేవాళ్ళైతే ఏవి ఆపాలో డాక్టరును అడగాలి, సొంతంగా నిర్ణయించకూడదు.

నొప్పికి మందు ఇవ్వాలా వద్దా అన్నది పాత తగాదా. స్కానింగులు లేని కాలంలో సర్జన్‌కు ఉన్న ఆధారం రోగి మూలుగు ఒక్కటే. అది చెరిగిపోతుందని, నిర్ధారణ అయ్యేదాకా నొప్పి మందు ఇవ్వవద్దని గట్టిగా బోధించారు. తర్వాత జరిగిన పరిశోధనలు తేల్చింది వేరు: డాక్టరు చూసిన తర్వాత తగిన మోతాదులో నొప్పి మందు ఇస్తే నిర్ధారణ తప్పడం పెరగదు. పైగా బిగుసుకున్న పొట్ట సడలి పరీక్ష తేలికవుతుంది. అయినా పాత నిషేధం కొన్ని వార్డుల్లో ఇంకా వాడుకలో ఉంది; అనవసరంగా బాధపడటాన్ని జాగ్రత్త అని పిలుచుకోవడం మనకు కొత్త కాదు. నర్సు తనంతట తాను మందు ఇవ్వలేదు గాని, డాక్టరును గుర్తుచేసి ఆర్డరు రాయించుకోగలదు.

నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమంటారు. మందుకు ముందొకసారి, తర్వాతొకసారి.

"తాతా, పదికి ఎంత ఉంది నొప్పి?"

"ఉందమ్మా."

"ఎంతుంది?"

"ఉండాల్సినంత ఉంది."

దీన్ని అంకెలోకి మార్చే పట్టిక ఇంకా ఎవరూ తయారుచేయలేదు. అలాంటప్పుడు నర్సు ముఖాన్ని, కదలికను, నాడిని చూసి రాస్తుంది. వృద్ధుల్లో నొప్పి, జ్వరం రెండూ తక్కువగా కనిపిస్తాయి; లోపల చిల్లు పడినా "కొంచెం అజీర్తి" అంటారు. తక్కువ మాట్లాడే ముసలి రైతు విషయంలో ఎక్కువ అనుమానపడటమే సరి.

పెళ్ళీడు ఆడపిల్లల దగ్గర ఇంకో ప్రశ్న ఉంటుంది: చివరిసారి నెలసరి ఎప్పుడు? గర్భసంచి బయట, నాళంలో నిలిచిన గర్భం పగిలినా నొప్పి పొట్ట కిందే వస్తుంది, రక్తం లోపలే పోతుంది, ఆలస్యమైతే మనిషి దక్కదు. అందుకే పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళకు మూత్రంతో గర్భపరీక్ష చేయడం నియమం. "మా అమ్మాయికి ఇంకా పెళ్ళే కాలేదు" అని తల్లి అంటుంది. పరీక్షకు శుభలేఖ చూపించనక్కర్లేదు. మంచి నర్సు ఇది అందరికీ చేసే పరీక్షేనని మామూలుగా చెప్పి, తల్లిని మందుల చీటీ ఇచ్చి బయటికి పంపి, అమ్మాయిని ఒంటరిగా అడుగుతుంది. ఆ జవాబు డాక్టరుకు తప్ప ఇంకెవరికీ చెప్పదు.

మగపిల్లల్లో సిగ్గు ఇంకో చోట దాక్కుంటుంది. వృషణం మెలితిరిగితే వచ్చే నొప్పిని పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడు "కడుపునొప్పి" అనే చెబుతాడు. ఆరు గంటల్లోపు సరిచేస్తే వృషణం దక్కే అవకాశం ఎక్కువ. తర్వాత గంటగంటకూ తగ్గుతుంది. కాబట్టి పొట్టనొప్పి అన్న పిల్లవాడికి నిక్కరు కింద కూడా చూడాలి. డాక్టరు చూశారా లేదా అని అడిగి నిర్ధారించుకోవడం నర్సు పని.

కనిపెట్టి ఉండే గంటల్లో అన్నిటికన్నా మోసకారి శుభవార్త ఒకటుంది. రాత్రంతా మూలిగిన రోగి తెల్లవారుజామున ఉన్నట్టుండి "హాయిగా ఉంది సిస్టర్" అంటాడు. బంధువులు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు, ఒకరిద్దరు ఇంటికి బయల్దేరతారు. నర్సు అప్పుడే పరుగెత్తాలి. ఉబ్బిన అపెండిక్సుకు చిల్లు పడగానే లోపలి ఒత్తిడి పోయి నొప్పి కాసేపు తగ్గుతుంది. తర్వాత పొట్టంతా నొప్పి, చెక్కలా బిగుసుకోవడం, 102 దాటే జ్వరం, నాడి వేగం, చల్లబడే చేతులు. ఆ మధ్యనున్న హాయి కొద్ది గంటలదే. నొప్పి తగ్గినప్పుడు నాడి కూడా తగ్గితే సంతోషించవచ్చు. నాడి పెరుగుతుంటే ఆ హాయిని నమ్మకూడదు.

ఆలస్యానికి అంతస్తుతో పనిలేదు. బందరుతో సహా ప్రపంచంలో పెద్ద భాగాన్ని ఏలిన బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డుకు 1902 జూన్ 26న పట్టాభిషేకం జరగాలి. దానికి కొన్ని రోజుల ముందు కడుపునొప్పి వచ్చింది. వేడుక తప్పదని రాజు పట్టుబట్టాడు. రెండు రోజులు ఉందనగా, జూన్ 24న, బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ పొట్ట కోసి చీము తీశాడు. రాజు బతికాడు, ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నాడు. ఆ ట్రీవ్స్ సొంత కూతురు అంతకు రెండేళ్ళ ముందు ఇదే జబ్బుతో చనిపోయింది. ఈ జబ్బు మీద ఇంగ్లండులో పేరున్న నిపుణుడి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

మన దగ్గర పట్టాభిషేకాలు తక్కువ గాని, ఆపరేషన్ కాగితం మీద సంతకానికి అడ్డొచ్చేవి ఉన్నాయి. అమావాస్య వెళ్ళనివ్వమంటారు. మంగళవారం వద్దంటారు. అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి నిద్రలేచి ఫోన్ ఎత్తేదాకా ఆగమంటారు. పెద్దబ్బాయి సాఫ్టువేరులో ఉన్నాడు, అయినా నిర్ణయం ఆయనదే. ఎందుకు చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నది వివరించి అనుమతి తీసుకోవలసింది డాక్టరు. విన్నది అర్థమైందా అని తర్వాత నెమ్మదిగా అడిగి, కాకపోతే డాక్టరును మళ్ళీ పిలిపించేది నర్సు. నగలు తీయించేది కూడా ఆమే. చిలకలపూడి బంగారమైనా సరే తీయవలసిందే. కరెంటుతో రక్తనాళాలు కాల్చే పరికరానికి అసలు బంగారానికీ గిల్టుకూ తేడా తెలియదు.

ప్రతి అపెండిసైటిస్‌కూ కత్తి తప్పదన్న అభిప్రాయం ఈ మధ్య కొంత మారింది. అమెరికాలో 1,552 మంది పెద్దవాళ్ళ మీద జరిగి 2020లో వెలువడిన కోడా అధ్యయనంలో సగం మందికి యాంటీబయాటిక్సే ఇచ్చారు. వాళ్ళలో 90 రోజుల్లోపు ఆపరేషన్ అవసరమైంది పదిమందిలో సుమారు ముగ్గురికి. ఫిన్లాండులో ఇలాగే యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసిన మరో అధ్యయనంలో ఐదేళ్ళు తిరిగేసరికి పదిమందిలో దాదాపు నలుగురికి జబ్బు తిరగబెట్టింది. అంటే చిల్లు పడని, ఎంపిక చేసిన రోగులకు మందులు నిజమైన ప్రత్యామ్నాయమే, తిరిగి వచ్చే వీలు ఉన్నవాళ్ళకు. గుడివాడ టౌనులో ఇల్లున్న మనిషికీ, రాత్రి పడవ లేని దీవిలో ఉన్న మనిషికీ ఈ లెక్క ఒకటి కాదు. ఈ తేడా సర్జన్‌కు చెప్పగలిగేది రోగి ఊరు అడిగి రాసుకున్న నర్సే.

ఆపరేషన్ అయితే తర్వాతి కథ చిన్నది. లోతుగా ఊపిరి పీల్పించడం, వీలైనంత త్వరగా నడిపించడం, గాయాన్ని చూసుకోవడం. చాలావరకు లాపరోస్కోపీతో చేస్తున్నారు కనుక గాట్లు చిన్నవి. ఇక్కడ నర్సుకు ఎదురయ్యేది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని మన నమ్మకం. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులో ఉన్నాయి. డాక్టరు తినవచ్చన్న రోజు నుంచి పప్పన్నం తినవచ్చు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు. అవి పప్పుగిన్నె లోంచి రావు, కడుక్కోని చేతుల్లోంచి వస్తాయి.

ఇవన్నీ చదివిన మీరు నర్సు కానక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా ఒక కాగితం మీద ఈ సంగతులు రాయండి: నొప్పి మొదలైన గంట, చివరిసారి తిన్నది, తాగింది, ఎప్పుడు, ఇచ్చిన మందుల పేర్లు, రోజూ వేసుకునే మాత్రలు, పడని మందులు, ఆడవాళ్ళైతే చివరి నెలసరి తేదీ. ఆ కాగితం నర్సు చేతికి ఇవ్వండి. ఆముదం సీసా అలమరలోనే ఉంచండి. రోగికి నోటితో ఏమీ పెట్టకండి, కొబ్బరినీళ్ళతో సహా.